పెన్నేటి పాటలోని దంపతులు: కరువు సాహిత్య విమర్శకు ఒక సవరణ

పదునైదేండ్ల క్రిందట మేము డాక్టరేటు పట్టమునకై సమర్పించిన సిద్ధాంతవ్యాసమున ఒక పొరపాటు జరిగినది. దానిని పరీక్షకులు గుర్తింపలేదు. మేమును చాలకాలము గుర్తింపలేదు. విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట'ను విమర్శించుచు మేము రంగన్నను 'రైతు జీవితము' అను అధ్యాయమునను, గంగమ్మను 'స్త్రీ పాత్రలు' అను అధ్యాయమునను చేర్చితిమి. ఒక్క గుడిసెలో, ఒక్క పొయ్యిచెంత బ్రదికిన ఆ యిద్దరిని రెండు అధ్యాయములలో వేరు కాపురము పెట్టించితిమి. ఇటీవల మా శాఖలోని పరిశోధక విద్యార్థిని యొకతె, మెట్టసీమలో పుట్టి పెరిగినది, తన పరిశోధన ప్రణాళికను మాకు చూపినది. అందును అదే విభజన. కారణమడుగగా, "మీ గ్రంథమునే అనుసరించితిని, సార్" అని వినయముగా చెప్పినది. ఆ మాట వినిన పిమ్మట మా పొరపాటును మేమే దిద్దుకొనుట కర్తవ్యమని తోచినది. ఈ వ్యాసము ఆ ప్రయత్నము.

మేము చెప్పదలచినది క్లుప్తముగా నిది. కరువు సాహిత్యమును మన విమర్శ పెద్ద సంఘటనలతో కొలుచుచున్నది. పశువుల అమ్మకము, ఊరు విడుచుట, ఆకలిచావు, అప్పుల వలని ఆత్మహత్య: ఇవి కలిగిన రచన కరువు రచన, ఇవి లేనిది కుటుంబ కథ. కాని కరువు ఇంటిలో ప్రవేశించునది చాలవరకు పెద్ద ద్వారము గుండ కాదు. బిందెడు నీరు, పిల్లవాని పలక, రేపటి కూలి, పొయ్యిలోని పుల్ల: ఇట్టి చిన్న చింతల రూపమున అది దినదినము ప్రవేశించును. అది మొదట తాకునది భార్యాభర్తల మధ్యనున్న మాటను. ఆ మాట గుండ పిల్లలను. కావున కరువు సాహిత్యమున దాంపత్యమును ప్రత్యేకముగా, ఒకే ప్రమాణముగా, విడదీయక చదువవలెను.

ముందుగా ఆ నేల స్వభావమును స్మరింపవలెను. అనంతపుర మండలము 1882లో బళ్లారి మండలము నుండి వేరుచేయబడినది. 2022లో మరల రెండు జిల్లాలైనది. నైరుతి ఋతుపవనముల తేమను పడమటి కనుమలు ముందుగనే హరించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరము నుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనములగును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియును కాలము తప్పి, చోటు తప్పి కురియును. 1876-78 నాటి మహాక్షామమును జనులు ధాత కరువని తరతరములుగా చెప్పుకొనిరి. ఇట్టి పెద్ద కరువులకు పేరుండును, సంవత్సరముండును, ప్రభుత్వ నివేదిక యుండును. కాని వాన కొంత కురిసి, పంట కొంత పండి, అప్పు కొంత తీరి, కొంత మిగులు సంవత్సరములు పెక్కు. వానికి పేరు లేదు. మా దృష్టిలో ఆ పేరులేని సంవత్సరములే దంపతులకు ఎక్కువ పరీక్ష.

వేరుసెనగ ఈ మెట్టనేలలను ఆక్రమించిన పిమ్మట సంసారపు సంవత్సరమే మారినది. జూన్ మాసమున తొలకరి. విత్తనపు కాయలకు డబ్బు కావలయును. అదే జూన్ మాసమున బడులు తెరచుదురు; పిల్లలకు పుస్తకములు, బట్టలు, రుసుములు కావలయును. విత్తనమును, విద్యయును ఒక్క మాసమున ఒక్క సంచిని ఆశ్రయించును. ఆ సంచి చాలనప్పుడు భార్య మెడలోని బంగారము కుదువకు పోవును. దానిని తీసి యిచ్చు క్షణమున ఆ యిద్దరి మధ్య ఎన్ని మాటలు పలుకబడునో, ఎన్ని మ్రింగబడునో ఏ లెక్కల పుస్తకమును చెప్పదు. తరువాత పైరు పూచి, పూవు నుండి ఊడలు నేలలోనికి దిగవలసిన దశ వచ్చును. అప్పుడు నేలలో పదును లేకున్న ఊడ దిగదు. దిగని ఊడకు కాయ లేదు. ఆ కొలది వారములు పురుషుని చూపు ఆకాశము మీద, స్త్రీ చూపు నీళ్ల కొళాయి మీద, పిల్లల చూపు తల్లిదండ్రుల ముఖముల మీద నుండును. పంట పోయినచో బెంగుళూరి భవన నిర్మాణముల కూలికి ప్రయాణము. పిల్లలను అవ్వతాతల కడ విడుచుటయా, బడి మాన్పించి వెంట గొనిపోవుటయా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము లేదు. ఏ సమాధానము చెప్పిన వారు ఆ తప్పును మోయవలసి వచ్చును.

చిన్న చింతలకు ఇంత శక్తి గలదా యని సందేహము కలుగవచ్చును. ఈ విషయమున ఇతర శాస్త్రములు చేసిన కృషిని సాహిత్య విమర్శకులు తెలిసికొనుట మేలు. 1981లో అమెరికా యందు లాజరస్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. మనస్సునకు కలుగు క్లేశమును ముందుగా తెలుపుటలో జీవితమునందలి పెద్ద ఘటనల కంటె నిత్యపు చికాకులే మేలైన సూచికలని వారు చూపిరి. అటుపిమ్మట కాంగర్, ఎల్డర్ అను పండితులు అయోవా రాష్ట్రపు గ్రామసీమలలో 451 కుటుంబములను ఏండ్ల తరబడి పరిశీలించిరి. 1980 తరువాతి దశాబ్దమున అచ్చటి రైతులు భూముల ధరలు పడిపోయి, అప్పుల వడ్డీలు పెరిగి చితికిపోయిరి. వారు కనుగొన్న క్రమము మన సీమ పాఠకునకు కొత్తగా తోచదు. ధనాభావము నేరుగా బిడ్డను చేరదు. అది మొదట తల్లి మనస్సును, తండ్రి మనస్సును క్రుంగదీయును. క్రుంగిన మనస్సులు ఒకదానినొకటి గాయపరచుకొనును. ఆ గాయము వలన బిడ్డల యెడ ఓర్పు, లాలన తగ్గును. కాని దంపతులు ఒకరికొకరు ఊతమై, సమస్యను కలసి విచారించుకొనగలిగిన యిండ్లలో ఈ గొలుసు సడలెనని కూడ వారు చూపిరి. స్విట్జర్లాండు పండితుడు బోడెన్‌మన్ ఈ రెండవ అంశమునే విస్తరించి, ఒకరి చింతను ఇరువురిదిగా భావించుట దాంపత్యమునకు రక్షయని ప్రతిపాదించెను.

అయోవా కొలమానమును అనంతపురముపై యథాతథముగా మోపుట మా ఉద్దేశము కాదు. అచ్చటి రైతునకు నూర్ల ఎకరములు. ఇచ్చటి రైతునకు నాలుగెకరముల ఎర్రనేల. అచ్చట భార్యాభర్తలే సంసారము. ఇచ్చట అత్తమామలు, తోడికోడండ్రు, మేనమామలు కూడ సంసారమే. కాని ఆ పరిశోధనల నుండి ఒక ప్రశ్నను మాత్రము మేము గ్రహించుచున్నాము: ఒక రచనలో బిడ్డ ఆకలి తల్లి నుండి తండ్రికి ఏ మాటగా చేరుచున్నది? ఈ ప్రశ్న మన సాహిత్యమునకు పరాయిది కాదు. దానిని మొదట మనకు నేర్పినవాడు పోతన.

భాగవత దశమస్కంధమునందలి కుచేలోపాఖ్యానమును మనము భక్తికిని, మైత్రికిని ఉదాహరణముగా బోధించుచున్నాము. కాని ఆ కథ ద్వారక యందు ప్రారంభము కాలేదు. ఒక పేదయింటి పొయ్యిచెంత ప్రారంభమైనది. బిడ్డలు ఆకుదొన్నెలు చేతబట్టి పట్టెడు కూటికై తల్లిని యాచింతురు. ఆమె కడుపు తరుగుకొని పోవును. అప్పుడామె భర్తతో మాటాడును. ఆ మాట తీరును గమనింపుడు. నీ వలననే ఈ దుర్గతి యని యామె అనదు. పక్కయింటివానిని చూడుమని అనదు. బిడ్డల స్థితిని చెప్పును. పిదప ఆయనకున్న ఒక్క సంపదను, కృష్ణునితోడి బాల్యస్నేహమును, గుర్తుచేయును. అతడును కోపింపక ఆమె మాట మేలని మెచ్చి, కానుకగా కొనిపోవుటకేమైన కలదా యని యడుగును. ఆమె కొన్ని అటుకులను అతని చినిగిన కొంగున ముడివేయును. బోడెన్‌మన్ పరిభాషలో ఇది చింతను పంచుకొనుట. పోతన పరిభాషలో ఇది అటుకుల ముడి. భర్త నిస్సహాయతను వేలెత్తి చూపక, భర్తయందలి శక్తిని అతనికే తిరిగి యిచ్చిన మాట అది. బిడ్డల ఆకలి తల్లి నోట నిందగా మారలేదు, దారిగా మారినది. ఆ ముడి పడిన తరువాతనే ద్వారక ప్రయాణము.

ఇక 'పెన్నేటి పాట'. విద్వాన్ విశ్వము 1915లో అనంతపుర మండలమునందలి తరిమెలలో జన్మించెను. ఈ కావ్యము 1956లో గ్రంథరూపమున వెలువడినది. రాయలసీమ పూర్వవైభవమును, ప్రస్తుత దైన్యమును ప్రక్కప్రక్కన నిలిపి చూపిన కావ్యముగా దీనికి ఖ్యాతి. ఒకప్పుడు కలిగిన యింటి బిడ్డయైన రంగన్న సర్వమును పోగొట్టుకొని కట్టెలు కొట్టి అమ్ముకొని జీవించును. గంగమ్మ కూలినాలి చేసి ఆ బ్రదుకునకు తన వంతు చేర్చును. ఆమె గర్భవతి. మన విమర్శకులు రంగన్నను ఒక వర్గమునకు, ఒక సీమకు ప్రతీకగా గ్రహించిరి. అది సరియే. మేమును అట్లే వ్రాసితిమి. కాని ప్రతీకకు కాపురముండదు, రంగన్నకున్నది. కవి ఈ యిద్దరిని అన్యోన్యానురాగము గల దంపతులుగ తీర్చుట కథనమున యాదృచ్ఛికము కాదని ఇప్పుడు మాకు తోచుచున్నది.

ఈ కావ్యమున ఇంకను పుట్టని బిడ్డయే ఆ గుడిసెలోని మూడవ వ్యక్తి. గంగమ్మ గర్భమున శిశువు పెరుగుచుండగా ఇంటిలోని ప్రతి కొరతయు కొత్త అర్థమును పొందును. నిన్నటివరకు గంజి లేకపోవుట ఇద్దరి ఆకలి. వారిరువురు నవ్వుకొనియైన నిద్రింపవచ్చును. నేడు అదే కొరత మూడవ ప్రాణి యెడ అపరాధము. తండ్రి కాబోవువానికి ఆ శిశువు తొలి ఋణదాత. అతడు తీర్పలేని ఋణములలో అది అన్నిటికంటె బరువైనది. రంగన్నకు ఇంకొక బరువు కలదు. అతడు పుట్టుపేద కాడు. తాను బిడ్డగా పొందిన దానిని తన బిడ్డకు ఈయలేని తండ్రి అతడు. పూర్వవైభవ వర్ణనము ఈ కావ్యమున కేవలము చారిత్రక నేపథ్యమని మేము వ్రాసితిమి. అది కూడ పొరపాటు. ఆ వైభవస్మృతి రంగన్న మనస్సులో దినదినము పనిచేయు కొలబద్ద. సీమ చరిత్ర అతని దాంపత్యమున ప్రవేశించిన మార్గమది. ఇది గ్రహించినచో కావ్యమునందలి రెండు పార్శ్వములు, చరిత్రయు సంసారమును, ఒకదానికొకటి అతుకక నిలిచినవను ఆక్షేపణకు బలము తగ్గును.

కుచేలుని యింటికిని, రంగన్న గుడిసెకును గల భేదము స్పష్టము. రంగన్నకు ద్వారక లేదు. కలసి విచారించుకొన్నను పోవలసిన చోటు లేని దంపతులు వీరు. అనురాగము చింతను పంచగలదు, తీర్పలేదు. విశ్వముగారి కావ్యము యొక్క విషాదము ఇందున్నదని మా అభిప్రాయము. ప్రేమ లేని చోట కరువు జయించుట వింత కాదు. ప్రేమ యున్నచోట కూడ అది చాలకపోవుటను చూపినందువలననే ఈ కావ్యము సీమవాసులను నేటికిని కదలించుచున్నది.

ఐనను కావ్యమునకు ఒక పరిమితి కలదు. అది బిడ్డను పెంచు దంపతులను కాక, బిడ్డకై ఎదురుచూచు దంపతులను ప్రధానముగ చిత్రించినది. ఎదురుచూపున ఒక పవిత్రత యుండును. పెంపకమున పేచీ యుండును. పుట్టిన బిడ్డ ఏడ్చును, జబ్బుపడును, బడి మానును, సంతలో మిఠాయి అడుగును. ఆనాటి నుండి దంపతుల అనురాగము నిత్యపు బేరములలో పడును. ఎవరు పని మానవలెను? ఎవరు నీటికి పోవలెను? ఎవరు బిడ్డను కసరవలెను? ఈ ప్రశ్నలు పద్యమున కంటె గద్యమున సులువుగ ఇముడును. కాబట్టియే పెన్నేటి పాట నిలిపిన చోట నుండి అనంతపుర కథానికను చదువుట ప్రారంభింపవలెనని మా సూచన. సింగమనేని నారాయణ కథల పేర్లనే చూడుడు: 'ఊబి', 'అడుసు', 'జూదం'. నీరు లేని సీమ కథకుడు బురదను పేరుగా ఎన్నుకొనుట మొదట వింతగ తోచును. కాని ఊబిలో మనిషి ఒక్కమారుగా పడిపోడు, అంగుళమంగుళముగ దిగును. ఆ పేర్లే మెల్లని దిగుడును సూచించుచున్నవి. ఆయనదే మరియొక కథ పేరు 'నీకూ నాకూ మధ్య నిశీధి'. ఇరువురు వ్యక్తులు, నడుమ చీకటి: ఆ చీకటిని కూడ సీమ విమర్శకుడు తన పరిధిలోనిదిగ భావింపవలెను.

ఇచ్చట మౌనమును గూర్చి ఒక మాట. సీమ కథలలో భర్త తరచుగ మౌని. సాయంకాలము వచ్చును, కాళ్లు కడుగుకొనును, సంగటి తినును, అరుగు మీద బీడీ ముట్టించును. దీనిని మేము సిద్ధాంతవ్యాసమున 'పురుషాహంకారము' అని తేల్చివేసితిమి. 1989లో రెపెట్టి అను పరిశోధకురాలు విమానముల రాకపోకలను నియంత్రించు ఉద్యోగులను పరిశీలించి, పని ఒత్తిడి హెచ్చిన దినములలో వారు ఇంట ముడుచుకొని పోవుదురని గుర్తించెను. భార్య ఊతము లభించినప్పుడు ఆ ముడుచుకొనుట ఎక్కువయ్యెననియు, కోపము తగ్గెననియు ఆమె చూపెను. అనగా మౌనము ఒక్కొక్కప్పుడు బిడ్డలపై విరుచుకొని పడకుండుటకు తండ్రి కట్టుకొనిన గట్టు. ఆ గట్టును నిలుపుటకు భార్య మరికొంత పనిని తనపై వేసికొనును. కాని దినదినము సాగిన మౌనము బిడ్డకు గట్టుగ కనబడదు, గోడగ కనబడును. ఒకే మౌనము రక్షయు, శిక్షయు కావచ్చును. అది ఎప్పుడు ఏది యగుచున్నదో కథకుడు ఏ చిన్న సూచనతో తెలుపుచున్నాడో పరికించుటయే విమర్శకుని పని. ముందుగనే పేరు పెట్టుట కాదు.

ఇట్లు పేరు పెట్టుటలో రెండు అలవాట్లు మనలో పాతుకొనినవి. ఒకటి, భర్తను దుష్టునిగనో, అసమర్థునిగనో తేల్చుట. రెండవది, భార్యను సహనమూర్తిగ పూజించుట. రెండవదే ఎక్కువ హానికరము. సహనమును కీర్తించిన విమర్శకుడు ఆమె అలసటను లెక్కింపడు. కూలికి పోయి వచ్చి, నీరు మోసి, పొయ్యి రగిల్చి, బిడ్డను కసరి, కసరినందుకు రాత్రి కుమిలిన తల్లి సహనమూర్తి కాదు, అలసిన మనిషి. ఆమె బిడ్డపై చేయి చేసికొనిన ఘట్టము కథలో వచ్చినప్పుడు మన విమర్శ దానిని దాటవేయుచున్నది. దాటవేయరాదు. కరువు పిల్లలను చేరిన ఘడియ అదియే.

మా సూచనకు ఒక ఆక్షేపణ రాగలదు. కరువు రాజకీయార్థిక సమస్య. దానిని పడకటింటి సమస్యగ చేసినచో ప్రభుత్వమును, సాహుకారును, బజారును విమర్శ నుండి తప్పించినట్లు కాదా? ఈ ఆక్షేపణ న్యాయమైనది. కాని మేము కోరునది దీనికి విరుద్ధము. భార్యాభర్తల కలహమునకు కారణము వారి స్వభావములే యని చెప్పు కథను నమ్మవద్దనియు, ఆ కలహమున వడ్డీ ఎంత, విత్తనపు ధర ఎంత, కొళాయి దూరమెంత పలుకుచున్నవో వినవలెననియు మా మనవి. ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న ఈ సీమయందలి బండ్లపల్లిలోనే ప్రారంభమైనది. దానికి మూలమైన 2005 నాటి చట్టమున ఒక చిన్న నియమమును చేర్చిరి. పనిచోటికి వచ్చిన స్త్రీలతో ఆరేండ్లలోపు బిడ్డలు ఐదుగురో, అంతకు మించియో ఉన్నచో, వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమింపవలెనని అందు నిర్దేశించిరి. ఆ నియమము ఎంత అమలైనదను ప్రశ్న వేరు. గడ్డపార పట్టిన చేతికి ఒక బిడ్డ కూడ ఉన్నదని శాసనకర్తలు గుర్తించిరి. సాహిత్య విమర్శకులు అంతకంటె వెనుకబడి యుండరాదు.

కావున సీమ సాహిత్యమును పరిశోధింపబూనిన విద్యార్థులకు మేము కొన్ని ప్రశ్నలను నివేదించుచున్నాము. ఈ కథలో డబ్బు చాలని మాటను ఎవరు ముందు పలికిరి, పిల్లల ఎదుటనా, చాటుననా? భార్యాభర్తలు సమస్యను 'మనది' యనుచున్నారా, 'నీది' యనుచున్నారా? బిడ్డ ఆ మాటను వినుచున్నదా, విని ఏమి చేసినది? అవ్వయో, పొరుగువారో నడుమ నిలిచి ఆ ఒత్తిడిని మోసిరా, పెంచిరా? కథలో నవ్వు ఎక్కడనైన కలదా? ఈ చివరి ప్రశ్న అల్పమైనది కాదు. కరువు కథలో దంపతులు నవ్విన ఒక్క ఘట్టము, పది శోకఘట్టముల కంటె వారి శక్తిని ఎక్కువగ తెలుపును.

పైన పేర్కొనిన విద్యార్థిని తన ప్రణాళికను మార్చుకొనినది. 'రైతు', 'స్త్రీ' అను రెండు అధ్యాయములకు మారుగ 'ఇల్లు' అను ఒక్క అధ్యాయము నిలిపినది. ఇంకొక మాట కూడ చెప్పినది. ఆమె చిన్ననాట పంట పోయిన ఏడు రాత్రి తల్లిదండ్రులు మెల్లగా మాటాడుకొనుట వినబడిన దినములలో నిద్ర పట్టెడిదట. ఏమియు వినబడని రాత్రులలో పట్టెడిది కాదట. కరువు సాహిత్యమును బోధించుచు ఇన్నేండ్లు గడిపిన మాకు ఈ భేదము తోచలేదు. రంగన్నను, గంగమ్మను మేము మరల ఒక్క కప్పు క్రిందికి చేర్చుచున్నాము. వారి గుడిసెలో ఆ రాత్రి మాట వినబడుచున్నదా, లేదా యని చెవియొగ్గుటయే ఇకమీద మా పఠన పద్ధతి.